టేపుకీ టోటల్ స్టేషన్‌కీ 252 మీటర్లలో 86 మి.మీ. తేడా: పెగ్గులన్నిటికీ దామాషాగా పంచేయొచ్చా?

పెగ్గులైను:

అందరికీ నమస్కారం. ఒంగోలు దగ్గర ఒక లేఅవుట్ పని. రెండు సరిహద్దు రాళ్ల మధ్య బేస్‌లైన్‌ని 30 మీటర్ల స్టీల్ టేపుతో కొలిస్తే 252.460 మీ. వచ్చింది. టోటల్ స్టేషన్‌తో (కాంతి కిరణంతో దూరం కొలిచే సర్వే యంత్రం) కొడితే హారిజాంటల్ (సమతల) దూరం 252.374. తేడా 86 మి.మీ.

కొలిచిన తీరు ఇదీ. మొదటి 120 మీటర్లు ఎక్కుడు, మొత్తం 4.8 మీ. ఎత్తు పెరుగుతుంది. అక్కడ టేపుని నేల మీదే పరిచి, వాలు వెంబడే కొలిచాం. 120 నుంచి 180 వరకు తుమ్మ పొదలు, రాళ్ల గుట్టలు. కాబట్టి నడుమెత్తు కర్రలు పాతి, వాటి తలల మధ్య టేపు వేలాడదీసి రెండు పూర్తి టేపులు లాగాం. ఆ కర్రల తలలు ఒకే లెవెల్లో ఉన్నాయి. 180 నుంచి చివరి దాకా చదును, టేపు నేల మీదే. స్ప్రింగ్ బ్యాలెన్స్ లేదు, చేత్తో లాగడమే. మధ్యాహ్నం పూట నేల మీద టేపు పక్కన థర్మామీటర్ 48 డిగ్రీలు, గాలిలో నీడన 42.

టేపు మీద 20 డిగ్రీలు, 50 న్యూటన్లు, రెండో తరగతి అని ముద్ర ఉంది. వెడల్పు 13 మి.మీ., మందం 0.2 మి.మీ., పూత లేని ఉక్కు.

120 దగ్గర, 180 దగ్గర పెగ్గులు పాతేశాం. నా ప్రశ్నలు రెండు. ఈ 86 మి.మీ.ని పొడవుని బట్టి పెగ్గులన్నిటికీ పంచేస్తే సరిపోతుందా? రెండోది, ఎఫ్‌ఎంబీలో (పాత సర్వే కొలతల పుస్తకం) ఈ హద్దు 1255 లింకులు (గొలుసు కొలత) అని ఉంది. లెక్కేస్తే 252.466 మీ. టేపుకి ఆరు మి.మీ. తేడాలో కలిసింది. అలాంటప్పుడు టేపే కరెక్టు, టోటల్ స్టేషనే తప్పు అని సైట్లో పెద్దాయన గట్టిగా అంటున్నారు. ఏది నమ్మాలి?

---

తూకంగుండు:

పంచకండి. దామాషాగా పంచడం అనేది ఎటు పడుతుందో తెలియని చిన్న చిన్న తప్పులకి. మీ లైనులో ఉన్నవి అవి కావు. ప్రతిదానికీ కారణం తెలుసు, దిశ తెలుసు, లైనులో ఏ ముక్కలో ఉందో కూడా తెలుసు. విడివిడిగా లెక్కకట్టాల్సిందే.

ముందు వేడి. ఉక్కు టేపు మీటరు పొడవుకి డిగ్రీకి 0.0000116 మీ. సాగుతుంది. 30 మీటర్లకి పది డిగ్రీలు పెరిగితే 3.5 మి.మీ. అని గుర్తుపెట్టుకుంటే చాలు. మీ టేపు 20 డిగ్రీల దగ్గర సరైనది. నేల మీద 48 అంటే 28 డిగ్రీలు ఎక్కువ. టేపు సాగి ఉంటే నేల మీది దూరం తక్కువ అంకెలో అయిపోతుంది, కాబట్టి చదివినదానికి కలపాలి.

మొదటి 120 మీటర్లకి 39.0 మి.మీ. కలపాలి. చివరి 72.46 మీటర్లకి 23.5. మధ్యలో వేలాడిన 60 మీటర్లకి 48 వాడకూడదు, అక్కడ టేపు గాలిలో ఉంది. 42 తీసుకుంటే 22 డిగ్రీల తేడా, 15.3 మి.మీ. మొత్తం 77.8 మి.మీ. కూడిక. ఎండలో గాలిలో ఉన్న టేపు కూడా నీడ ఉష్ణోగ్రత కంటే కాస్త వేడెక్కే ఉంటుంది, కాబట్టి ఈ అంకెలో రెండు మూడు మి.మీ. అనుమానం ఉంచుకోండి. లైను మొత్తం మీద 5 డిగ్రీలు తప్పు పట్టుకుంటే దాదాపు 15 మి.మీ. పోతుంది. థర్మామీటర్ టేపుకి ఆనుకుని ఉండాలి, సర్వేయర్ జేబులో కాదు.

తర్వాత వాలు. ఒక్కో టేపుకి ఎత్తు తేడాని వర్గం చేసి, టేపు పొడవుకి రెట్టింపుతో భాగించి, తీసెయ్యాలి. 4.8 మీ. నాలుగు టేపులకీ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 1.2 మీ. ఎత్తు, తీసివేత 24 మి.మీ. నాలుగింటికి 96. కానీ ఇక్కడ ఒక మెలిక. ఈ సూత్రంలో ఎత్తుకి వర్గం ఉంది కాబట్టి మొత్తం ఎత్తు తెలిస్తే చాలదు, ఏ టేపులో ఎంత ఎక్కిందో కావాలి. అదే 4.8 మీటర్లు రెండు టేపుల్లో 0.4 చొప్పున, మిగతా రెండింట్లో 2.0 చొప్పున ఎక్కితే తీసివేత 139 మి.మీ. అవుతుంది. ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే యంత్రం) పెట్టి, మొదటి రాయి దగ్గరా నాలుగు టేపుల చివర్ల దగ్గరా స్టాఫ్ (కొలత గీతల కర్ర) రీడింగులు తీసుకుని ఇక్కడ పెట్టండి.

అసలు గొడవ వేలాడిన రెండు టేపుల్లో ఉంది. టేపు మధ్యలో కిందికి జారితే మీరు చదివేది వంపు పొడవు, కావలసింది రెండు చివరల మధ్య తిన్నని దూరం. ఈ తేడానే శాగ్ అంటారు, ఇది ఎప్పుడూ తీసివేతే. టేపు మొత్తం బరువు వర్గాన్ని టేపు పొడవుతో గుణించి, లాగుడు వర్గానికి 24 రెట్లతో భాగించాలి. మీ టేపు అడ్డుకోత 13 × 0.2 = 2.6 చదరపు మి.మీ., కాబట్టి మీటరుకు 20.4 గ్రాములు, అంటే 0.2 న్యూటన్, 30 మీటర్లకి 6 న్యూటన్లు.

50 న్యూటన్లతో లాగి ఉంటే ఒక్కో టేపుకి శాగ్ 18 మి.మీ.
30 న్యూటన్లే అయితే 50 మి.మీ.
100 న్యూటన్లు అయితే 4.5 మి.మీ.

30 న్యూటన్లంటే మూడు కిలోల బరువు ఎత్తినంత. చేత్తో లాగేవాళ్లు మూడు కిలోలు లాగుతున్నారో ఐదు కిలోలు లాగుతున్నారో వాళ్లకే తెలియదు, ఇక్కడేమో రెండింటికీ తేడా టేపుకి 32 మి.మీ. అదే తేడా టేపు సాగుడులో చూస్తే ఏమీ లేదు: 50 బదులు 30తో లాగితే ఉక్కు 30 మీటర్లకి 1.1 మి.మీ. తక్కువ సాగుతుంది, అంతే. స్ప్రింగ్ బ్యాలెన్స్ కావాలనేది ఉక్కు సాగుతుందని కాదు, శాగ్ మారిపోతుందని.

ఇప్పుడు దామాషా సంగతి. 86ని పొడవుని బట్టి పంచితే చివరి 72.46 మీటర్లకి 24.7 మి.మీ. తీసివేత వస్తుంది. కానీ ఆ ముక్క చదును, టేపు నేల మీద ఉంది, వేడి ఒక్కటే తప్పు, అక్కడ 23.5 కలపాలి. అంటే ఆ ముక్కలోనే 48 మి.మీ. తప్పు మీరు చేజేతులా చేసినట్టు. వేలాడిన టేపుల మధ్యలో ఎంత జారిందో ఎవరైనా చూశారా? బరువు తెలియకపోయినా, లాగుడు తెలియకపోయినా, ఆ జారుడు ఒక్కటి ఉంటే పని అవుతుంది. జారుడు వర్గానికి 8 రెట్లు తీసుకుని, టేపు పొడవుకి 3 రెట్లతో భాగిస్తే శాగ్ తీసివేత వచ్చేస్తుంది.

---

ఆప్టికల్_ప్లమ్మెట్:

తూకంగుండు గారి లెక్క బావుంది. కానీ టోటల్ స్టేషన్‌ని సత్యప్రమాణంగా పెట్టుకునే ముందు దానికీ పరీక్ష పెట్టాలి. మూడు చూడండి.

ఒకటి, ప్రిజం కాన్‌స్టెంట్. కిరణాన్ని మెషీన్‌కి తిప్పి పంపే అద్దం ప్రిజం, దాని కోసం మెషీన్లో పెట్టే దిద్దుబాటు కాన్‌స్టెంట్. ప్రిజం ఒకటి, మెషీన్లో పెట్టిన విలువ వేరొకటి అయితే ప్రతి దూరంలోనూ ఒకే మొత్తం తేడా వస్తుంది. 30 మి.మీ. తేడా రావడం మామూలు, ఎందుకంటే చాలా ప్రిజాలు సున్నా లేదా మైనస్ 30 రకాలు. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకే సరళరేఖ మీద మూడు పాయింట్లు పెట్టండి. మొదటి నుంచి మూడోదానికి కొలిచిన దూరం, మొదటి నుంచి రెండు, రెండు నుంచి మూడు కలిపినదానికి సమానం కావాలి. కాన్‌స్టెంట్ తప్పైతే కూడికలో అది రెండుసార్లు, మొత్తం దూరంలో ఒకసారే పడుతుంది. తేడా ఎంతో అదే మీ తప్పు. చివరి రెండు ముక్కల కోసం మెషీన్‌ని మధ్య పాయింటు మీద మళ్లీ సెట్ చేయాలి, మొదటి చోటు నుంచే మూడూ కొట్టేస్తే ఈ పరీక్షకి అర్థం లేదు.

రెండు, ఉష్ణోగ్రత, పీడనం. వేడి గాలిలో కిరణం కాస్త వేగంగా పోతుంది, మెషీన్ దూరాన్ని తక్కువ చూపిస్తుంది. సుమారుగా డిగ్రీకి పది లక్షలలో ఒక వంతు. ఫ్యాక్టరీలో పెట్టిన 15 డిగ్రీలు అలాగే వదిలేసి 42లో కొడితే 252 మీటర్లకి ఆరేడు మి.మీ. తక్కువ వస్తుంది. అంటే మీ 86లో కొంత టేపుది కాకపోవచ్చు.

మూడు, తెర మీద చదివింది హారిజాంటల్ దూరమేనా, వాలు దూరమా. మీరు హారిజాంటల్ అనే రాశారు, సరే.

ఇంకొకటి. టేపు సొంత పొడవు. రెండో తరగతి టేపుకి అనుమతి 0.3 మి.మీ., దానికి తోడు మీటరుకు 0.2 మి.మీ. 30 మీటర్లకి 6.3. అంటే ముద్ర ఉన్న కొత్త టేపు కూడా 30.006 ఉండొచ్చు, 29.994 ఉండొచ్చు, అయినా పాసే. మీ లైనులో ఎనిమిదిన్నర టేపులు, అంతా ఒకే దిశలో పడితే 53 మి.మీ. పాత టేపయితే సున్నా దగ్గరి రింగు అరిగిందా, మధ్యలో తెగితే రివెట్ కొట్టి అతికించారా చూడండి. సున్నా రింగు బయటి అంచు దగ్గరా, పట్టీ మీద గీతగా ఉందా అన్నది కూడా పట్టుకున్న మనిషికి తెలిసి ఉండాలి.

నీడ పడే కాంక్రీటు నేల మీద రెండు ఉక్కు మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరాన్ని సర్టిఫికెట్ ఉన్న టేపుతో ఒకసారి నిర్ధారించుకోండి. ఆపైన పనికి వెళ్లే ప్రతి టేపునీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు 50 న్యూటన్ల లాగుడుతో దాని మీద పరిచి చూడొచ్చు. 30 అని చదివిన చోట అసలు దూరం 30.004 అయితే, ఆ టేపుతో కొలిచిన ప్రతి దూరాన్నీ 30.004తో గుణించి 30తో భాగించాలి. విస్తీర్ణమైతే ఆ నిష్పత్తి వర్గంతో.

ఎలాగూ టోటల్ స్టేషన్ చేతిలో ఉంది కాబట్టి నా సలహా వేరు. పై మూడు పరీక్షలు పాసైతే 120, 180 పెగ్గులు రెండూ దాంతోనే కొట్టి సరిచేసేయండి. టేపు లెక్క దానికి తోడుగా ఉంచుకోండి.

---

పెగ్గులైను:

ఇద్దరికీ ధన్యవాదాలు. లెవెల్ పెట్టి చూశాం. నాలుగు టేపుల ఎత్తులు వరసగా 1.18, 1.22, 1.21, 1.19 మీ.

వేలాడదీసినప్పటి ఫోటో ఒకటి దొరికింది. మధ్యలో స్టాఫ్ పట్టుకుని ఉన్నారు. కర్రల తలల లెవెల్ నుంచి టేపు 0.60 మీ. కిందికి ఉంది. రెండో దానికి ఫోటో లేదు, లాగింది అదే మనుషులు.

ప్రిజం కాన్‌స్టెంట్ మూడు పాయింట్ల పరీక్షలో తేడా ఒక మి.మీ. లోపే. ఉష్ణోగ్రత మాత్రం మెషీన్లో మార్చలేదు, 15 డిగ్రీలే ఉంది. ఎఫ్‌ఎంబీ సంగతి ఎవరూ చెప్పలేదు. పెద్దాయన ఆ 252.466 మీదే నిలబడి ఉన్నారు.

---

జిలైను_1255:

ఎఫ్‌ఎంబీ గురించి నేను చెబుతాను. 1255 లింకులు 252.466 మీ. అన్న గుణకారం తప్పు కాదు. ఒక గంటర్ గొలుసు 66 అడుగులు, వంద లింకులు, లింకు 0.201168 మీ. కానీ ఆ అంకెలో ఎంత ఖచ్చితత్వం ఉందో చూడాలి. ఎఫ్‌ఎంబీలో కొలత పూర్తి లింకులకి రాస్తారు. 1254న్నర దాటితే 1255, 1255న్నర దాకా అదే 1255. మీటర్లలో 252.365 నుంచి 252.566 దాకా ఏది వచ్చినా పుస్తకంలో ఎక్కేది 1255 లింకులే. టోటల్ స్టేషన్ చూపిన 252.374 కూడా అదే కిటికీలో ఉంది, 1254.5 పైన. కాబట్టి ఎఫ్‌ఎంబీ మీ రెండు కొలతల్లో దేన్నీ కొట్టెయ్యట్లేదు, దేనికీ సాక్ష్యం చెప్పట్లేదు. 20 సెంటీమీటర్ల గీతలున్న స్కేలుతో ఆరు మి.మీ. తేడా తేల్చలేం.

పైగా ఆ లింకులు కొలిచింది గొలుసుతో. గొలుసు వాడేకొద్దీ రింగులు తెరుచుకుని పొడవు పెరుగుతుంది, లింకు వంగితే తగ్గుతుంది. గట్టు మీద వాలు వెంబడి పరిచారా, మెట్లు మెట్లుగా సమతలంగా లాగారా అన్నది లైనుని బట్టి మారి ఉంటుంది. ఆ రికార్డు విలువ వేరు. ఏ రాయి ఎవరిది, హద్దు ఎటు తిరుగుతుంది, పొలం ఆకారం ఏమిటి అన్న ప్రశ్నలకి అదే ఆధారం. రాయి దొరికాక రెండు రాళ్ల మధ్య మి.మీ. లెక్కకి అది పనికిరాదు. పెద్దాయనకి ఇలా చెబితే రికార్డుని తక్కువ చేసినట్టూ ఉండదు.

ఇదే సందర్భంలో ఒక ప్రమాదం చెప్పాలి. మెట్రిక్ గొలుసుల్లో లింకు సరిగ్గా 20 సెం.మీ. (20 మీటర్ల గొలుసుకి వంద లింకులు, 30 మీటర్ల దానికి 150). పాత ఎఫ్‌ఎంబీ లింకుని 20 సెం.మీ.గా లెక్కేస్తే వెయ్యి లింకుల దగ్గర 1.168 మీ. తేడా, ఎకరానికి 1.16 సెంట్లు. టేపు కరెక్షన్లన్నీ కలిపినా ఇంత రావు. లెక్క మొదలుపెట్టే ముందే ఆ పుస్తకం ఏ గొలుసుదో తేల్చుకోవాలి. తెలంగాణ వైపు వాళ్లకి: గుంట అంటే 33 అడుగుల చతురస్రం, 121 గజాలు, అక్కడ పాత టిప్పన్ (సర్వే కొలతల చిత్తు పటం) కొలతల్ని లింకులనుకుని చదవకండి.

జీపీఎస్ రోవర్ కో-ఆర్డినేట్లతో పోల్చే ఆలోచన ఉంటే ఇంకో హెచ్చరిక. యూటీఎం (భూమిని జోన్లుగా చేసి చదునైన పటం మీదకి తెచ్చే కో-ఆర్డినేట్ల పద్ధతి) 44వ జోన్‌కి మధ్య రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ మీద గ్రిడ్ దూరం (కో-ఆర్డినేట్ల నుంచి లెక్కేసిన దూరం) నేల దూరం కంటే కిలోమీటరుకు 40 సెం.మీ. తక్కువ. దూరం జరిగేకొద్దీ ఈ లోటు తగ్గి, ఒక చోట సమానమై, తర్వాత తిరగబడుతుంది. ఒంగోలు దగ్గర కిలోమీటరుకు సుమారు 26 సెం.మీ. తక్కువ, అంటే మీ లైనుకి ఆరేడు సెం.మీ. విజయవాడలో ఇంచుమించు 37 సెం.మీ. తక్కువ. హైదరాబాద్‌లో మాత్రం సముద్రమట్టం నుంచి ఎత్తుని కూడా లెక్కేసుకుంటే సుమారు 40 సెం.మీ. ఎక్కువ. రెండు కో-ఆర్డినేట్ల నుంచి దూరం తీసి నేరుగా టేపుతో పోల్చి "టేపు తప్పు" అనే వాళ్లు చాలామంది. టేపు తప్పు కాదు, అవి రెండు వేర్వేరు దూరాలు. స్కేల్ ఫ్యాక్టర్‌తో (గ్రిడ్ దూరానికీ నేల దూరానికీ నిష్పత్తి) భాగించి నేల దూరానికి తెచ్చుకున్నాకే పోలిక.

---

తూకంగుండు:

ఇప్పుడు లెక్క ముగించొచ్చు.

వాలు: 1.18, 1.22, 1.21, 1.19 వర్గాలు కలిపితే 5.761, 60తో భాగిస్తే 96.0 మి.మీ. మీ ఎక్కుడు ఒకే తీరుగా ఉంది.

శాగ్: 0.60 వర్గం 0.36, 8 రెట్లు 2.88, 90తో భాగిస్తే 32 మి.మీ. రెండింటికి 64. ఆ జారుడుకి సరిపడే లాగుడు 37.5 న్యూటన్లు, 50 కంటే తక్కువ, కాబట్టి సాగుడు తక్కువైనందుకు ఒక్కోదానికి ఇంకో 0.7 తీసివేత, రెండింటికి 1.4.

120 పెగ్గు దగ్గర: వేడికి 39.0 కలిపి వాలుకి 96.0 తీస్తే 57 మి.మీ. తక్కువ. అంటే మీరు 120.000 అనుకుని పాతిన పెగ్గు నిజంగా 119.943 దగ్గర ఉంది.

180 దగ్గర: దానికి 15.3 కలిపి 65.4 తీయండి. 107 మి.మీ. తక్కువ. పెగ్గు ఉన్నది 179.893 దగ్గర.

చివరి రాయి దగ్గర: 23.5 కలిస్తే నికరంగా 83.6 తక్కువ. దిద్దిన దూరం 252.376.

దామాషాగా పంచి ఉంటే 120 దగ్గర 41, 180 దగ్గర 61 మి.మీ. వచ్చేవి. 180 పెగ్గు 46 మి.మీ. తప్పుగా ఉండిపోయేది, చివరి రాయి దగ్గర మాత్రం అంతా సరిపోయినట్టు కనిపించేది. చివర కలిసిందంటే మధ్యలోనూ కలిసిందని కాదు. మీ లైనులో వేడి 78 మి.మీ. కలిపితే వాలు, శాగ్ 160 తీశాయి. ఇంకాస్త తక్కువ వాలు, కాస్త గట్టి లాగుడు ఉంటే చివర తేడా సున్నా వచ్చేది, మధ్య పెగ్గులు మాత్రం అప్పుడూ తప్పుగానే ఉండేవి. మన ఎండల్లో ఇది తరచూ జరుగుతుంది. వాలు, శాగ్, లైను పక్కకి తప్పడం, వదులు లాగుడు, ఇవన్నీ అంకెని పెంచుతాయి. వేడి ఒక్కటీ తగ్గిస్తుంది.

టోటల్ స్టేషన్ 252.374కి రెండు మి.మీ. దగ్గరకి వచ్చాం. కానీ మెషీన్లో ఉష్ణోగ్రత సరిచేస్తే అది 252.380 అవుతుంది, అప్పుడు తేడా నాలుగు, అదీ రెండో వైపు. రెండూ ఒప్పుకోదగ్గవే. టేపు సొంత పొడవు ఇంకా చూడలేదు, నేల మీద కూడా 37 న్యూటన్లే లాగి ఉంటే ఆరు టేపులకి ఇంకో నాలుగైదు మి.మీ. ఉంటుంది. వీటిలో ఏదో ఒకదాన్ని జరిపి అంకెని బలవంతంగా కలిపేయొద్దు. ఆప్టికల్_ప్లమ్మెట్ గారు చెప్పినట్టు ఉష్ణోగ్రత సరిచేసి పెగ్గులు రెండూ టోటల్ స్టేషన్‌తోనే కొట్టండి. 120 పెగ్గు సుమారు 57, 180 పెగ్గు సుమారు 107 మి.మీ. ముందుకి జరగాలి. అంతకి పది మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే ఆగి, వెతకండి.

---

పెగ్గులైను:

ఈ పూట పెగ్గులు సరిచేస్తాం. ఒక సందేహం మిగిలింది. లోపలి ప్లాట్లు టేపుతోనే మార్క్ చేయాలి. అప్పుడు ఈ కరెక్షన్లు ఇలాగే వాడాలా?

---

తూకంగుండు:

గుర్తు తిరగేసి వాడాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఉన్న దూరాన్ని కొలిచేటప్పుడు వేడికి కలుపుతాం. కావలసిన దూరాన్ని నేల మీద పెట్టేటప్పుడు వేడికి తీసెయ్యాలి, ఎందుకంటే సాగిన టేపు మీద 30 దగ్గర మేకు కొడితే నేల మీద 30.010 పడుతుంది. 48 డిగ్రీల దగ్గర 30.000 కావాలంటే టేపు మీద 29.990 దగ్గర కొట్టాలి. వాలు, శాగ్ కొలతలో తీసేవి, పెట్టేటప్పుడు కలపాలి.

మీ ఎక్కుడులో 15.000 మీ. సమతల దూరం కావాలనుకోండి. ఆ 15లో 0.6 మీ. ఎక్కుతుంది కాబట్టి వాలుకి 12 మి.మీ. కలపాలి, వేడికి 5 తీయాలి. టేపు మీద 15.007 దగ్గర మేకు. పొద్దున ఏడింటికి, టేపు 30 డిగ్రీల దగ్గర ఉండగా చేస్తే వేడికి 1.7 మాత్రమే, 15.010 దగ్గర కొట్టాలి.

వాలు లెక్క వద్దనుకుంటే మెట్లు మెట్లుగా, టేపుని సమతలంగా పట్టి, తూకం గుండు వేలాడదీసి దింపుకోవచ్చు. పదేసి మీటర్లకి మించి పట్టొద్దు. శాగ్ పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది: మీ టేపు 50 న్యూటన్ల దగ్గర 30 మీటర్లకి 18 మి.మీ., పది మీటర్లకి 0.7. మూడు పదులు కలిపినా రెండు మి.మీ. అందుకే పొదల మీద వేలాడదీయక తప్పనప్పుడు కూడా సరిగ్గా మధ్యలో ఇంకో కర్ర పాతి, తలని అదే లెవెల్‌కి తెచ్చి టేపుని ఆనిస్తే 18 కాస్తా నాలుగున్నరకి దిగుతుంది.

పొదలో టేపు మధ్యలో పక్కకి ఒరిగితే కూడా చూసుకోండి. 30 మీటర్ల టేపు మధ్యలో 30 సెం.మీ. పక్కకి జరిగితే 6 మి.మీ. పోతుంది. అదే చివర 30 సెం.మీ. లైను తప్పితే ఒకటిన్నర మి.మీ. మాత్రమే. కాబట్టి రేంజింగ్ రాడ్ (లైను చూసుకోవడానికి నిలబెట్టే కర్ర) వెనక నిలబడి చూసే మనిషి టేపు నడుముని కూడా చూడాలి, ముందువాడి చేతిని ఒక్కదాన్నే కాదు.

---

ఆప్టికల్_ప్లమ్మెట్:

దానికి ఒక చేర్పు. ఈ టేపుతోనే వేలాడదీసి పని చేయాలంటే, 113 లేదా 114 న్యూటన్లతో, అంటే పదకొండున్నర కిలోలతో లాగితే సాగుడు 3.5 మి.మీ., శాగ్ 3.5 మి.మీ.; ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి. అప్పుడు వేడి కరెక్షన్ ఒక్కటే మిగులుతుంది. కానీ అది 30 మీటర్ల పూర్తి టేపుకి, ఈ అడ్డుకోతకి, రెండు చివరలే ఆన్చినప్పటికి మాత్రమే. చివరి అర టేపుకి అదే లాగుడు పెడితే లెక్క తప్పుతుంది. అంత బలంతో నిలకడగా లాగాలంటే టేపు చివర కర్రకి కట్టి, కర్ర కింది కొనని పాదంతో తొక్కిపట్టి, పైభాగాన్ని భుజంతో వెనక్కి వాల్చాలి. 15 కిలోల స్ప్రింగ్ బ్యాలెన్స్ చాలు. అడ్డంగా పట్టుకున్నప్పుడు ముల్లు సున్నా చూపిస్తోందో లేదో ముందు చూసుకోండి. నిలువుగా వేలాడదీసి సున్నా సరిచేసిన తూనిక అడ్డంగా తిప్పితే దాని సొంత కొక్కెం బరువంత తేడా చూపిస్తుంది.